ఉనాయ్ ఎమెరీ నోటుబుక్కు: బడి ఫుట్‌బాల్ జట్టుని నడిపేవాళ్ళకి

మండల స్థాయి పోటీలకి జట్టుని తీసుకెళ్ళే పీఈటీల కోసం, ఊళ్ళో పిల్లల్ని పోగేసి సాయంత్రం పూట బంతి ఆడించే కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీని. ఆడపిల్లల అండర్-17 ఫుట్‌బాల్ జట్టు నా చేతిలో ఉంది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పేవాళ్ళు మన దగ్గర ఊరికి ఇద్దరైనా దొరుకుతారు. ఫుట్‌బాల్‌కి ఆ వసతి లేదు. అందుకే ఒక స్పెయిన్ కోచ్ కెరీర్‌ని ముందు పెట్టుకుని పని నేర్చుకుంటున్నాను. ఆయన ఉనాయ్ ఎమెరీ. ఆయన్ని ఎలా చదవాలో, చదివినదాన్ని మన మట్టి మైదానంలోకి ఎలా దించుకోవాలో చెబుతాను.

కప్పుల లెక్క పక్కన పెట్టండి. ఆయన పనిచేసిన ప్రతి క్లబ్బు దగ్గరా ఆగి మూడు విషయాలు చూడండి. వచ్చేసరికి ఆయన చేతిలో ఏముంది? దాంతో ఏం చేశాడు? ఎక్కడ తెగింది?

ఎమెరీయే ఎందుకు

స్పెయిన్ కోచ్ అనగానే పిల్లలు పెప్ గార్డియోలా పేరే చెబుతారు. ఆయన గొప్పతనం విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ 2008లో ఆయన బార్సిలోనా పగ్గాలు పట్టేనాటికే మెస్సీ, చావీ, ఇనియెస్తా ఆ జట్టులో ఉన్నారు. మొదటి సీజన్‌లోనే స్పెయిన్ లీగ్, కోపా డెల్ రే అనే దేశవాళీ కప్పు, యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచాడు. అందులోంచి బడి జట్టుకి పట్టుకెళ్ళగలిగేది చాలా తక్కువ. మన దగ్గర పదకొండు మందిలో ఇద్దరు బాగా తంతారు, నలుగురు బాగా పరిగెడతారు, మిగతావాళ్ళు స్నేహితురాలు వస్తోందని వచ్చినవాళ్ళు. అలాంటి జట్టు ఉన్నప్పుడు కింది మెట్టు నుంచి ఎక్కిన కోచ్‌ని చదవాలి.

ఎమెరీ 1971 నవంబరు 3న ఫ్రాన్స్ సరిహద్దుని ఆనుకుని ఉన్న ఓండర్రిబియా అనే బాస్క్ ఊళ్ళో పుట్టాడు. తాత ఆంటోనియో ఎమెరీ, రియల్ ఊనియన్ అనే క్లబ్బుకి గోల్‌కీపర్. 1929లో స్పెయిన్ లీగ్ మొదలైనప్పుడు ఆ లీగ్ చరిత్రలో తొలి గోల్ పడింది ఆ తాత కాపలా కాస్తున్న గోల్‌లోనే. తండ్రి కూడా కీపరే. ఉనాయ్ మాత్రం ఎడమ పక్క ఆడేవాడు. రియల్ సోసియెదాద్ పెద్ద జట్టులో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని లీగ్ మ్యాచ్‌లు ఆడి, తర్వాత ఏళ్ళన్నీ కింది డివిజన్లలోనే గడిపాడు. ఆటగాడిగా అంతంత మాత్రమే అయిన మనిషి కోచ్‌గా అంత దూరం వెళ్ళాడంటే, ఆ మధ్యలో జరిగిందంతా నేర్చుకోవడానికి వీలైన పనే అయి ఉండాలి. నా నమ్మకానికి మూలం ఇదే.

నోటుబుక్కు తయారీ

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి తీసుకోండి. ఒక్కో క్లబ్బుకి ఎదురెదురు పేజీలు రెండు. ఎడమ పేజీలో అక్కడ జరిగింది రాయండి. కుడి పేజీ మన జట్టుది. కుడి పేజీలో రాయడానికి ఏమీ తోచకపోతే ఖాళీగా వదిలేయండి, బలవంతంగా నింపొద్దు. నా నోటుబుక్కులో పారిస్ క్లబ్బుకి కుడి పేజీలో నాలుగు వరుసలే ఉన్నాయి. సెవిల్లాకి చోటు చాలక అదనంగా కాగితాలు అంటించాను.

మొదటి పేజీ లోర్కా. స్పెయిన్‌లో ముర్సియా ప్రాంతపు చిన్న క్లబ్బు, అప్పటికి మూడో అంచె డివిజన్. 2004-05 సీజన్ మధ్యలో, ఎమెరీ అక్కడ ఆటగాడిగా ఉండి మోకాలు దెబ్బతో ఇబ్బంది పడుతున్నప్పుడు, నువ్వే జట్టుని నడుపు అని క్లబ్బు అధ్యక్షుడు అడిగాడు. అప్పుడాయనకి 33 ఏళ్ళు. నిన్నటిదాకా పక్కన ఆడినవాళ్ళకే కోచ్ అయ్యాడు. ఆ సీజన్‌లోనే క్లబ్బు చరిత్రలో మొదటిసారి రెండో డివిజన్‌కి ఎక్కింది. తర్వాతి ఏడాది ఆ డివిజన్‌లో 5వ స్థానం.

దీని కుడి పేజీ ఎలా రాయాలో నేను చేసింది చెబుతాను, మీకు పద్ధతి అర్థమవుతుంది. ప్రతి జట్టులోనూ చీలమండ బెణికో, మోకాలు నొప్పనో గట్టున కూర్చున్న అమ్మాయి ఒకరు ఉంటారు. ఆ పిల్లని ఇంటికి పంపేయకండి. చేతికి పెన్ను, కాగితం ఇవ్వండి. మన జట్టు బంతిని ఏ పక్కన ఎక్కువ పోగొట్టుకుంటోందో గీతలు పెట్టమనండి. హాఫ్ టైమ్‌లో మీకంటే ముందు ఆ అమ్మాయిని మాట్లాడనివ్వండి. మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఇట్లాగే కూర్చుని, "మేడం, మనోళ్ళు ఎడమపక్క త్రో వేసిన ప్రతిసారీ బంతి వాళ్ళకే పోతా ఉంది" అని చెప్పింది. మైదానం గీత పక్కన నిలబడి అరుస్తున్న నాకు అది కనపడలేదు. కాలు బాగైన తర్వాత ఆ పిల్ల ఆట వేరుగా ఉంది. బంతి దగ్గరికి వచ్చేలోపే తల తిప్పి చూసుకుంటోంది.

అల్మేరియా పేజీ తొందరగానే అయిపోతుంది. 2006లో వెళ్ళాడు, మొదటి సీజన్‌లోనే లా లీగాకి, అంటే స్పెయిన్ మొదటి డివిజన్‌కి, ఎక్కించాడు, అక్కడ తొలి ఏడాదే 8వ స్థానం. రాసుకుని ముందుకి వెళ్ళండి.

వలెన్సియా దగ్గర మాత్రం ఆగాలి. 2008 నుంచి 2012 దాకా నాలుగు సీజన్లు. క్లబ్బు అప్పుల్లో ఉంది. 2010లో డేవిడ్ వియా బార్సిలోనాకి, డేవిడ్ సిల్వా మాంచెస్టర్ సిటీకి వెళ్ళిపోయారు. ఆ వేసవిలోనే వాళ్ళిద్దరూ స్పెయిన్‌కి ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నారు, అంతటివాళ్ళు. వాళ్ళు ఉన్న 2009-10లో వలెన్సియాది 3వ స్థానం. వాళ్ళు పోయిన తర్వాత 2010-11లో 3, 2011-12లో మళ్ళీ 3. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ రెండూ పైన ఉన్న కాలంలో మూడో స్థానం అంటే మిగతావాళ్ళందరిలో మొదటిదని లెక్క.

ఇది చదివినప్పుడు పీఈటీకి తట్టాల్సింది ఏప్రిల్ నెల. ప్రతి ఏప్రిల్‌లో మన వియా, మన సిల్వా పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళిపోతారు. ఇంటర్‌కి తిరుపతిలో ఏదో కాలేజీ హాస్టల్లో చేరితే మళ్ళీ బంతి ముట్టరు. దీన్ని ఎవరూ ఆపలేరు కాబట్టి జూన్‌లో బడి తెరిచిన వారంలోనే జతలు కట్టేయాలి. పదో తరగతి పిల్ల ఆడే ప్రతి స్థానానికీ ఒక ఎనిమిదో తరగతి పిల్లని జత చేయండి. ప్రాక్టీసులో ఇద్దరూ పక్కపక్కనే. చిన్నదానికి నేర్పే బాధ్యత పెద్దదానిది. మనం ఇచ్చే సూచన ఆ చిన్నపిల్ల చెవికి ఎక్కకపోవచ్చు, అక్క చెబితే ఎక్కుతుంది. సెంటర్‌లో ఆడే పిల్ల, గోల్‌కీపర్, ఈ రెండు జతల్నీ ముందు కట్టండి. తక్కినవి ఒక వారం ఆలస్యమైనా పరవాలేదు.

నాకౌట్ మ్యాచ్‌లు

మన ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో ఓడితే ఆ రోజే సర్దుకుని బస్సెక్కాలి. లీగ్‌లో వరసగా గెలిచే జట్టు మనకి పాఠం కాదు, నాకౌట్‌లో బతికే జట్టు పాఠం. ఎమెరీ సెవిల్లా అందుకే మనకి దగ్గరిది. 2013 జనవరిలో ఆ క్లబ్బుకి వచ్చి, 2014, 2015, 2016 మూడేళ్ళు వరసగా యూరోపా లీగ్ గెలిచాడు, అది యూరప్ క్లబ్బులకి ఛాంపియన్స్ లీగ్ తర్వాతి పోటీ. బెన్ఫికా మీద పెనాల్టీల్లో, ద్నిప్రో మీద 3-2తో, లివర్‌పూల్ మీద 3-1తో. 2015-16లో ఆ జట్టు సొంత ఊరు దాటి వెళ్ళి ఆడిన లీగ్ మ్యాచ్ ఒక్కటంటే ఒక్కటి కూడా గెలవలేదు. అదే జట్టు అదే సీజన్ చివర బాసెల్లో లివర్‌పూల్ చేతిలో ముందు గోల్ తిని, విరామం తర్వాత మూడు కొట్టింది.

2014 దారి ఇంకా కష్టమైంది. చివరి పదహారు జట్ల దశలో ఎదురైంది వాళ్ళ ఊరి జట్టే, రియల్ బెతిస్. ఈ దశల్లో చెరో మైదానంలో ఒకటి చొప్పున రెండు మ్యాచ్‌లు ఆడి, రెండింటి గోల్సూ కలిపి లెక్కేస్తారు. సొంత మైదానంలో 0-2తో ఓడి, ఊరి అవతలి కొసన ఉన్న బెతిస్ మైదానానికి వెళ్ళి 2-0 చేసి, పెనాల్టీల్లో గెలిచారు. సెమీఫైనల్లో ఎమెరీ పాత క్లబ్బు వలెన్సియా ఎదురైంది. ఇక అయిపోయిందనుకున్న మ్యాచ్‌లో 94వ నిమిషంలో స్టెఫాన్ ఎంబియా తలతో గోల్ కొట్టాడు. ఆ గోల్ త్రో-ఇన్ నుంచి వచ్చింది. ఆ క్లిప్ మీ పిల్లలకి తప్పకుండా చూపించండి. మన మైదానాల్లో కార్నర్ల కంటే త్రోలే ఎక్కువ, మైదానం చిన్నది కాబట్టి బంతి ఊరికే గీత దాటుతుంది. అయినా త్రో ఎవరూ నేర్పరు. పక్కనున్న పిల్ల తీసుకుని ఎటో విసిరేస్తుంది.

త్రోకి నేను చేయించేది ఇది. జట్టులో చేతి బలం ఎక్కువున్న ఇద్దర్ని గుర్తించండి, కుడి పక్కకి ఒకరు, ఎడమ పక్కకి ఒకరు. ఎదుటి గోల్ దగ్గర్లో త్రో వస్తే వాళ్ళే వేయాలి, ఎంత దూరంలో ఉన్నా పరిగెత్తుకుంటూ రావాలి. ఒక పొడుగు పిల్ల గోల్ ముందు నిలబడి బంతిని తలతో వెనక్కి మళ్ళిస్తుంది. ఇద్దరు ఆమె వెనకకి దూసుకెళ్తారు. వారానికి ఒక రోజు, ఇరవై నిమిషాలు, అదొక్కటే. త్రో వేసేటప్పుడు రెండు కాళ్ళూ నేలమీదే ఉండాలి, బంతి తల వెనక నుంచి తల మీదుగా రావాలి. రెఫరీలు మన పిల్లల దగ్గర ఎక్కువ పట్టుకునేది ఈ రెండే.

పదకొండు మందీ పెనాల్టీ తన్నాలి

ఈ భాగం కొంచెం ఓపికగా చదవండి. బడి పోటీల్లో మ్యాచ్ నిడివి తక్కువ, గోల్స్ తక్కువ, టై బ్రేకర్లు ఎక్కువ. అయినా మ్యాచ్ డ్రా అయిన తర్వాతే "ఎవరు కొడతారమ్మా?" అని అడుగుతాం. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

2021 మే 26. పోలండ్‌లోని గ్డాన్స్క్‌లో యూరోపా లీగ్ ఫైనల్. అప్పటికి ఎమెరీ వియ్యారియల్ కోచ్. సుమారు 50 వేల జనాభా ఉన్న ఊరు అది, మన పలమనేరంత అనుకోండి. ఎదురుగా మాంచెస్టర్ యునైటెడ్. అదనపు సమయం కూడా అయిపోయి 1-1. పెనాల్టీలు మొదలయ్యాయి. రెండు జట్లలోనూ గోల్‌కీపర్లు కాక మైదానంలో ఉన్న పదేసి మంది తన్నారు, అందరూ గోల్ చేశారు. ఇక మిగిలింది కీపర్లే. వియ్యారియల్ కీపర్ హెరోనిమో రుల్లీ వచ్చి పైమూలకి బలంగా కొట్టాడు, గోల్. తర్వాత యునైటెడ్ కీపర్ డేవిడ్ డి హేయా తన్నిన బంతిని ఆ రుల్లీయే ఆపాడు. 11-10. వియ్యారియల్ చరిత్రలో అది మొదటి పెద్ద కప్పు.

నియమం ఏమంటే, తలా ఐదు తన్నిన తర్వాత సమానంగా ఉంటే ఒక్కొక్కటిగా సాగుతుంది. మ్యాచ్ ముగిసేసరికి మైదానంలో ఉన్నవాళ్ళే తన్నాలి. అందరి వంతూ అయ్యేదాకా ఎవరికీ రెండో అవకాశం రాదు. కాబట్టి కీపర్‌తో కలిపి పదకొండు మందికీ నేర్పాలి.

మా కీపర్ మొదట ఒప్పుకోలేదు. "నేను గోలీ కదా మేడం, నేనెందుకు తన్నాల?" అంది. రుల్లీ క్లిప్ చూపించాను. రెండుసార్లు చూసి, "ఆయప్ప తన్నినాడంటే నేనూ తంతా" అని బంతి తీసుకుంది.

చేసే పద్ధతి. ముందు ఒక నైలాన్ తాడు కొని కొలతలకి ముడులు వేసుకోండి. గోల్ గీత నుంచి 5.5 మీటర్ల దగ్గర ఒక ముడి, అది చిన్న పెట్టె. 9.15 దగ్గర ఒకటి, ఫ్రీ కిక్‌కి గోడ నిలబడాల్సిన దూరం. 11 దగ్గర ఒకటి, పెనాల్టీ చుక్క. 16.5 దగ్గర చివరిది, పెద్ద పెట్టె. ఈ ఒక్క తాడుతో, కాస్త ముగ్గుపిండితో ఏ ఊరి మైదానాన్నయినా పది నిమిషాల్లో గీసేయొచ్చు. ముడులకి వేర్వేరు రంగుల రిబ్బన్ ముక్కలు కట్టుకుంటే పిల్లలే గీసుకుంటారు. కాళ్ళతో అడుగులు కొలిచి చుక్క పెట్టే అలవాటు మానండి. బళ్ళో 9 మీటర్ల నుంచి నేర్చుకున్న పిల్ల పోటీలో 11 మీటర్ల దగ్గర నిలబడితే గోల్ చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది.

ప్రాక్టీసు చివర, అలసిపోయిన తర్వాతే పెనాల్టీలు తన్నించండి. పొద్దున్నే తాజాగా ఉన్న కాళ్ళతో తన్నడం వేరే పని. జట్టంతా మధ్య గీత మీద నిలబడాలి. ఒక్కొక్కరూ అక్కడి నుంచి ఒంటరిగా చుక్క దాకా నడిచి రావాలి. ఆ నడకే పిల్లల్ని భయపెడుతుంది, అది అలవాటు కావాలి. ప్రతి పిల్లా తన మూల ఒకటి ఎంచుకుని మీ చెవిలో చెప్పాలి. కీపర్ ఎటు కదిలినా ఆ మూలకే కొట్టాలి. గోల్ స్తంభాలకి లోపలివైపు పాత చున్నీ ముక్కలు కట్టండి, గురి నిలుస్తుంది. బయట నిలబడ్డ పిల్లల్ని అరవనివ్వండి, ఈలలు వేయనివ్వండి. పోటీలో ఎదుటి బడివాళ్ళు చేసేది అదే.

ఎవరు ఏ రోజు ఎటు కొట్టారో, పడిందో లేదో రాసిపెట్టుకోండి. పోటీకి వెళ్ళే ముందు రోజు ఆ పేజీ చూసి ఒకటి నుంచి పదకొండు దాకా వరస రాయండి. వరసని పిల్లలకి ముందు రోజే చదివి వినిపించండి. చివరి పేరు ఎవరిదైనా సరే, ఆ పిల్లకి తన వంతు వస్తే ఏం చేయాలో తెలిసి ఉండాలి.

వీడియో

ఎమెరీ పేరు చెప్పగానే ఫుట్‌బాల్ లోకం గుర్తుచేసుకునేది వీడియో. ఎదుటి జట్టుని గంటల కొద్దీ చూస్తాడు, ఆటగాళ్ళకి చూపిస్తాడు. పెన్‌డ్రైవ్‌లో వీడియోలు వేసి ఇంటికి ఇచ్చి పంపేవాడని, చూశాడో లేదో కనిపెట్టడానికి ఒకసారి ఒక ఆటగాడికి ఖాళీ పెన్‌డ్రైవ్ ఇచ్చాడని ఒక కథ బాగా తిరుగుతూ ఉంటుంది.

మనకి కావలసినది ఒక ఫోను. ఫోను ఎత్తులో ఉండాలి, అదొక్కటే షరతు. మైదానం పక్క నుంచి తీస్తే కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. మా బడి పై అంతస్తు వరండా గ్రిల్లుకి ఫోనుని అడ్డంగా ఆనించి, జారకుండా చున్నీతో కట్టేస్తాం. మైదానం మొత్తం పట్టకపోయినా పరవాలేదు, మన సగం పడితే చాలు. జూమ్ చేయొద్దు. ఫోనుని బంతి వెంట తిప్పొద్దు. బంతి లేనిచోట మన పిల్లలు ఏం చేస్తున్నారో చూడటానికే ఈ తంటా అంతా.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనం తర్వాత తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) మీద చూపిస్తాను. ఇక్కడ ఎమెరీ పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. జీతం తీసుకుని ఆడేవాళ్ళు గంటసేపు కూర్చుంటారు, పధ్నాలుగేళ్ళ పిల్లలు కూర్చోరు. మూడు క్లిప్‌లు, ఒక్కోటి నిమిషం లోపు. వేసే ముందు ప్రశ్న అడగండి: "బంతి మనకి దొరికినప్పుడు రెండో నంబరు పిల్ల ఎక్కడుందో చూడండి." ప్రశ్న లేకుండా వేస్తే అందరూ తమ మొహం ఎక్కడుందా అని వెతుక్కుంటారు. మూడింట్లో ఒకటి తప్పకుండా బాగా ఆడినది ఉండాలి. తప్పు చూపించే క్లిప్‌లో ఉన్న పిల్లకి ముందే విడిగా చెప్పండి, నలుగురిలో ఉలిక్కిపడకూడదు.

ఆడపిల్లల జట్టైతే మరొకటి. వీడియో తీస్తున్నామని హెడ్మాస్టర్‌కి, తల్లిదండ్రులకి ముందు చెప్పి ఒప్పించండి. ఏ గ్రూపులోనూ పెట్టకండి. చూపించిన రోజే ఫోనులోంచి తీసేయండి. ఒక్క క్లిప్ బయటికి పోయినా ఆ ఇంటివాళ్ళు పిల్లని మళ్ళీ మైదానానికి పంపరు, వాళ్ళని తప్పుపట్టలేం.

తెగిన చోట్లు

2012లో మాస్కోలో స్పార్టక్ క్లబ్బుకి వెళ్ళాడు. నవంబరులో డైనమో మాస్కో చేతిలో 1-5తో ఓడిన రోజే తీసేశారు. అక్కడ ఆయన అనువాదకుడి ద్వారా మాట్లాడాల్సి వచ్చేది. చిత్తూరు సరిహద్దు బళ్ళలో పనిచేసినవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. కుప్పం వైపు ఇంట్లో కన్నడం, తమిళం మాట్లాడే పిల్లలుంటారు, పలమనేరు, మదనపల్లి వైపు ఉర్దూ పిల్లలుంటారు. తరగతిలో తెలుగు బాగానే అర్థమైనా, పరిగెడుతూ ఉన్నప్పుడు పొడుగు వాక్యం ఎవరికీ ఎక్కదు. మా జట్టులో ఐదు కేకలే వాడతాం: ముందుకి, వెనక్కి, ఆగు, వదులు, నాది. సీజన్ మొదట్లో పిల్లల్నే కూర్చోబెట్టి ఎంపిక చేయించండి. మీ పిల్లలు తమిళ మాట ఎంచుకుంటే అదే ఉంచండి.

పారిస్ సంగతి అందరికీ తెలిసిందే. 2017 ఫిబ్రవరి 14న ఛాంపియన్స్ లీగ్‌లో, అప్పుడు ఎమెరీ కోచ్‌గా ఉన్న పారిస్ క్లబ్బు పీఎస్‌జీ బార్సిలోనాని 4-0తో కొట్టింది. మార్చి 8న బార్సిలోనాలో 6-1తో ఓడింది. 88వ నిమిషానికి ముందు స్కోరు 3-1, అంటే రెండు మ్యాచ్‌లూ కలిపి 5-3తో పారిస్ క్షేమంగానే ఉంది. అక్కడి నుంచి 95వ నిమిషం లోపు మూడు గోల్స్ తినేసింది. ఆ ఏడు నిమిషాలు మొత్తం చూడండి. పారిస్ ఆటగాళ్ళు బంతి అందగానే దూరంగా కొట్టేస్తారు, అది వెంటనే తిరిగి వస్తుంది. ఎవరూ బంతిని పట్టి నిలబెట్టరు. దీన్ని ప్రాక్టీసుగా మార్చొచ్చు. "మనం ఒక గోల్ ముందున్నాం, ఏడు నిమిషాలే మిగిలాయి" అని చెప్పి గడియారం పెట్టండి. బంతి దొరికితే మూల జెండా వైపు తీసుకెళ్ళి, మనిషికి బంతికి మధ్య ఒళ్ళు అడ్డంపెట్టి ఉంచాలి. తర్వాత జట్ల పాత్రలు మార్చండి. ఆ తర్వాతి ఏడాది ఎమెరీ పారిస్‌లోనే లీగ్‌తో పాటు రెండు దేశవాళీ కప్పులూ గెలిచాడు, అది కూడా ఎడమ పేజీలో రాయండి.

ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు ఓడాక 22 మ్యాచ్‌లు ఓటమి లేకుండా వెళ్ళి, బాకూలో యూరోపా లీగ్ ఫైనల్ చెల్సీకి 1-4తో ఓడి, 2019 నవంబరులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంగ్లీషు సరిగ్గా రాదని అక్కడ ఆయన్ని వెక్కిరించినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. అదే ఇంగ్లండ్‌కి 2022లో తిరిగొచ్చి, కింది డివిజన్‌కి జారిపోతుందేమోనన్న ఆస్టన్ విల్లాని అదే సీజన్‌లో 7వ స్థానానికి, మరుసటి సీజన్‌లో 4వ స్థానానికి తెచ్చాడు. 1982లో యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచిన ఆ క్లబ్బు అంతకాలం తర్వాత మళ్ళీ ఆ పోటీకి వెళ్ళింది, 2024 అక్టోబరులో సొంత మైదానంలో బాయర్న్ మ్యూనిక్‌ని 1-0తో కొట్టింది.

విల్లాలో ఆయన వెనక వరస ఆటగాళ్ళని చాలా ముందుకి నిలబెట్టి ఎదుటివాళ్ళని ఆఫ్‌సైడ్‌లో ఇరికిస్తాడు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ బడి జట్టుతో చేయొద్దు. మన పోటీల్లో లైన్ రెఫరీలు చాలా చోట్ల ఉండరు. ఉన్నా గీత వెంట పరిగెత్తేవాళ్ళు అరుదు. వెనక వరస ముందుకి జరిగి చెయ్యెత్తి నిలబడితే ఎదుటి పిల్ల తిన్నగా వెళ్ళి గోల్ కొట్టేస్తుంది. నా నోటుబుక్కులో ఈ విషయానికి కుడి పేజీ ఖాళీ.

స్పెయిన్ మరీ అంత దూరం కాదు

స్పెయిన్ కోచ్ పని మన తెలుగు నేలమీదా జరిగింది. మనోలో మార్కెజ్ 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గెలిపించాడు. అదీ పెనాల్టీల్లోనే, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. ఎమెరీ తర్వాత రెండో నోటుబుక్కు మొదలుపెట్టేవాళ్ళకి నేను మార్కెజ్ పేరే చెబుతాను. ఇంకా దగ్గర్లో, బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ క్రీడా మైదానాలున్నాయి. వీలైతే పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళి పచ్చగడ్డి మీద ఆడే జట్లని చూపించండి.

నోటుబుక్కు మొదలుపెట్టడానికి మనవైపు మంచి సమయం నవంబరు, డిసెంబరు. వానలకి మైదానం చెరువైపోయి పిల్లలు వరండాలో నిలబడి ఉంటారు. ఆ రోజుల్లో ప్యానెల్ మీద మొదట వేయాల్సిన మ్యాచ్ 2022 మార్చి 16న టూరిన్‌లో జరిగిన యువెంటస్, వియ్యారియల్ ఛాంపియన్స్ లీగ్ పోరు. మొత్తం వేయొద్దు, 74వ నిమిషం నుంచి వేయండి. అప్పటికి 0-0. అంతసేపూ బెంచీ మీద కూర్చోబెట్టిన గెరార్డ్ మొరెనోని ఎమెరీ అప్పుడే దించుతాడు, నాలుగు నిమిషాల్లో అతను పెనాల్టీ కొడతాడు, మ్యాచ్ 3-0తో ముగుస్తుంది. వేసే ముందు బెంచీ మీద కూర్చునే మీ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. మొరెనో మైదానంలోకి వచ్చాక మొదటి రెండు నిమిషాలు ఎక్కడెక్కడ నిలబడ్డాడో కాగితం మీద చుక్కలు పెట్టమనండి.